తోక మీది ముప్పై ఒకటి

శిక్షణ కేంద్రం పెద్ద హాల్లోకి అడుగు పెట్టినవాళ్ళ చూపు ముందుగా గోడల మీది ఫోటోల మీదకే పోతుంది. ఒక్కో జట్టుకి ఒక్కో ఫోటో. అన్నింట్లోనూ కడిగి ఆరేసినట్టున్న ఆకాశం, అందులో వజ్రం ఆకారంలో బారులు తీరిన తొమ్మిది జెట్ విమానాలు. ముక్కులు ఎర్రగా, రెక్కలు తెల్లగా ఉంటాయి. యుద్ధ విమానం నడపబోయే పిల్లలు చేతులు కుదురుకోవడానికి ముందుగా నడిపే శిక్షణ విమానాలవి. శిక్షణ ముగిసిన రోజు తల్లిదండ్రులు ఆ ఫోటో ముందు గుంపుగా చేరి, "ఇందులో మావాడిది ఏది? మా అమ్మాయిది ఏది?" అని ఒకటే గోల చేస్తారు.

ఆ గోలకి జవాబు చెప్పేది అతుకులాయన. కేంద్రం గేటుకి ఎదురు వీధిలో ఫోటో స్టూడియో ఆయనది. ఆ ఫోటోలు చేసేది ఆయనే.

తొమ్మిది విమానాలు కలిసి ఎగరడం ఆ ఊరి ఆకాశం ఎన్నడూ చూడలేదు. ఎగిరేది ఒకటే. రన్‌వే చివర గడ్డిలో మూడుకాళ్ళ స్టాండు పాతి, కెమెరాని దాని మీద కదలకుండా బిగించి, అతుకులాయన నిలబడేవాడు. ఒంటరిగా నడపడానికి అనుమతి వచ్చిన పిల్లలు ఒకరి తర్వాత ఒకరు అదే విమానం ఎక్కి, ఒక చుట్టు తిరిగి, ఆయన తల మీదుగా కిందుగా దూసుకుపోయేవాళ్ళు. ఒకరు దిగగానే ఇంకొకరు ఎక్కేవాళ్ళు. దీన్ని అందరూ ఫోటో వరస అనేవాళ్ళు. తర్వాత ఆయన స్టూడియో వెనక గదిలో కంప్యూటరు ముందు కూర్చుని, ఒక్కో ఫోటోలోంచి విమానాన్ని జాగ్రత్తగా కోసి, అన్నింటినీ ఒకే ఆకాశం మీద పేర్చేవాడు. మొదటివాడు వెళ్ళేసరికి ఎండ ఒక పక్క, చివరివాడు వెళ్ళేసరికి ఇంకో పక్క. రెక్కల కింది నీడలన్నీ ఒకే సూర్యుడివని చూసేవాళ్ళు నమ్మాలి. దూరంగా ఉండాల్సినవాటిని చిన్నవి చేసి, కొంచెం మసక పట్టించాలి. అంతా అయ్యాక చివరి పని తోకలది. అన్ని తోకల మీదా ఉండేది ముప్పై ఒకటే. దాన్ని చెరిపి ఒకదాని మీద ఇరవై ఎనిమిది, ఒకదాని మీద నలభై రెండు, నోటికొచ్చిన అంకె వేసేవాడు. అలా ఒక్క విమానం తొమ్మిది విమానాలయ్యేది. అతుకులాయన అన్న పేరు అలా వచ్చిందే. ఆయనకి ఆ పేరంటే చిన్నతనంగా ఉండేది కాదు. అతుకు కనపడకుండా అతకడంలో ఉన్న గర్వం అతికేవాడికే తెలుస్తుంది.

ముందు గదిలో ఆయన భార్య పాస్‌పోర్టు ఫోటోలు తీసేది. "తల ఎత్తండి. చెవులు కనపడాలి. నవ్వకండి" అని కసిరేది. ఊరు ఊరంతా ఆవిడ చేతిలో నవ్వు మానేసిందని ఆయన ఏడిపించేవాడు. "నువ్వు లేని విమానాలు పుట్టిస్తావు, నేను ఉన్న నవ్వు తీసేస్తాను, ఇద్దరం కలిసి బాగానే వ్యాపారం చేస్తున్నాం" అనేది ఆవిడ.

వాళ్ళకి ఒక్కతే కూతురు. కాలు ఒకచోట నిలవదని బొంగరం అని పిలిచేవాళ్ళు. బడి నుంచి రాగానే సంచీ విసిరేసి వెనక గదిలో స్టూలెక్కి తండ్రి భుజం మీదుగా తెర చూసేది. ఒకరోజు వేలు పెట్టి అడిగింది.

"నాన్నా, వీటన్నిటికీ పొట్ట కింద ఒకే చోట దెబ్బ తగిలిందేంటి?"

తెల్ల రంగు మీద చిన్న రేకు మాసిక అది. అన్నాళ్ళుగా ఎవరి కంటా పడలేదు.

"ఒక తల్లి పిల్లలే. పుట్టుమచ్చ."

"అబద్ధం! అన్నీ ఒకటే. నువ్వు దొంగవి."

"గట్టిగా అరవకే, గేటు దాకా వినపడుతుంది" అని ఆయన నవ్వుతూ దాని నోరు మూశాడు. ఆ మాసికని కూడా ఆరోజు నుంచి చెరపడం మొదలుపెట్టాడు. కూతురు దగ్గర నేర్చుకున్న జాగ్రత్త అది.

ఆ పిల్ల పెరిగి పెద్దదై, పరీక్షలు రాసి, పరుగులు పెట్టి, కంటి పరీక్షలూ చెవి పరీక్షలూ నెగ్గి, ఎదురుగా ఉన్న గేటులోంచే లోపలికి వెళ్ళింది. స్టూడియోవాళ్ళ అమ్మాయి విమానం నడపడమేమిటని బుగ్గలు నొక్కుకున్నవాళ్ళు ఆ వీధిలో చాలామంది ఉన్నారు. తల్లి పైకి సణిగేది. "కళ్ళెదురుగానే ఉంది, అయినా ఆదివారం గాని ముఖం చూపించదు" అనేది. కానీ ఫోటోకి వచ్చినవాళ్ళందరికీ, అడిగినా అడక్కపోయినా, మా అమ్మాయి లోపల ఉందని చెప్పేది.

ఫోటో వరస రోజు వచ్చింది. ఆ ఏటి జట్టులో తొమ్మిదిమంది ఉన్నారు. తొమ్మిదో వంతు బొంగరానిది. అతుకులాయన ఎప్పటిలాగే గడ్డిలో నిలబడ్డాడు. కెమెరాకి తగిలించిన తీగ చివర మీట ఉంటుంది, దాన్ని బొటనవేలితో నొక్కాలి. విమానం రన్‌వే పక్కన పాతిన తెల్ల గడ దగ్గరికి రాగానే నొక్కడం మొదలుపెట్టి, తల దాటేదాకా వదలకూడదు. ఎనిమిదిమందికీ అలాగే నొక్కాడు. ఏ ఒక్కరికీ వేలు తడబడలేదు.

తొమ్మిదోసారి ముందు ఈల లాంటి చప్పుడు వినపడింది. దూరాన ఎర్రటి ముక్కు చుక్కలా కనపడింది. చుక్క పెరిగింది. అందులో కూర్చున్నది తన పిల్ల. ఇన్నేళ్ళూ కెమెరా అద్దంలోంచి తప్ప చూడని ఆ విమానాన్ని ఒక్కసారి ఉత్త కళ్ళతో చూడాలనిపించి ఆయన తలెత్తాడు. విమానం గడ దాటింది, నెత్తి మీదికొచ్చింది, గడ్డి మొత్తం ఒక పక్కకి ఒరిగింది, వెళ్ళిపోయింది. చప్పుడు సద్దుమణిగాక చూసుకుంటే బొటనవేలు మీట మీద ఉత్తినే ఆనించి ఉంది. కెమెరాలో ఉన్నది ఎనిమిదే.

మళ్ళీ ఒకసారి తిప్పమని అడగొచ్చు. కానీ అప్పటికే ఆ విమానం కోసం ఎగరడం నేర్పేవాళ్ళు తొందరపడుతున్నారు. పోనీలే, ఎవరో ఒకరిది కోసి తొమ్మిదోదానిగా పెట్టేద్దాం అనుకున్నాడు. వెనకటి జట్ల ఫోటోల్లో అలా చేసిన సందర్భాలు లేకపోలేదు. మబ్బు అడ్డొచ్చి ఒకరి ఫోటో చెడిపోతే పక్కవాడిదే రెండుసార్లు అతికించేవాడు. తల్లిదండ్రులు వచ్చి అడిగితే "అదిగో, ఆ కుడి చివర" అని వేలు చూపించేవాడు. వాళ్ళు మురిసిపోయేవాళ్ళు.

ఆ మధ్యాహ్నం కంచె దగ్గరికి కూతురు పరుగెత్తుకొచ్చింది. హెల్మెట్ నొక్కుకుని జుట్టంతా అణిగిపోయి ఉంది.

"ఎలా వచ్చింది నాన్నా?"

"బ్రహ్మాండంగా వచ్చింది."

"ఎడమ రెక్క కాస్త వాలింది కదూ? గాలి తోసేసింది."

"ఆమాత్రం నేను సరిచెయ్యనా?"

"సరిచెయ్యకు! అలాగే ఉంచు. నాదని తెలియాలి. అందరిలా పెట్టావంటే ఊరుకోను" అని కంచె సందులోంచి వేలు పెట్టి ఆయన బొజ్జలో పొడిచి పారిపోయింది.

ఆ వారం గడవనేలేదు. ముందు గదిలో ఎవరో ముసలాయన పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నాడు. "తల ఎత్తండి" అంటోంది భార్య. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. అంతకుముందు మొదలైన ఈల చప్పుడు మధ్యలోనే తెగిపోయిందని ఆయనకి ఆ తర్వాత గుర్తుకొచ్చింది. వీధిలోవాళ్ళు గేటు వైపు పరుగెత్తారు. బొంగరం ఎక్కిన విమానం నేల వదిలీ వదలగానే ఇంజను ఆగిపోయిందట. కుర్చీతో సహా బయటపడే ఏర్పాటు ఉంది గాని, అంత కిందుగా ఉన్నప్పుడు దాని పారాచూట్ విచ్చుకునే వ్యవధి లేదట. మూసిన పెట్టెని మూసినట్టే అప్పగించారు. తెరవొద్దన్నారు. తెరుస్తామని తల్లి ఎంత పోట్లాడినా ఒప్పుకోలేదు.

శిక్షణలో ఉన్న అభ్యర్థి చేసిన పొరపాటు వల్ల ప్రమాదం జరిగిందని పెద్దలు ప్రకటించారు. చచ్చిపోయినవాళ్ళ మీద తప్పు వేస్తే ఎదురు మాట్లాడేవాళ్ళు ఉండరు. యంత్రం మీద వేస్తే దాన్ని అన్నాళ్ళు ఎవరు ఎగరనిచ్చారని ప్రశ్న వస్తుంది. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళలో ఒక్కడైనా జవాబు చెప్పుకోవలసి వస్తుంది. అందుకని ఇరవై రెండేళ్ళ పిల్ల నెత్తి మీద పెట్టి చేతులు దులుపుకున్నారు.

నిజం చెప్పినవాడు షెడ్డు మేస్త్రి. విమానాల ఇంజన్లు విప్పి బిగించేవాడు. అతుకులాయనని వేళాకోళంగా బావా అని పిలిచేవాడు. ఆ ప్రకటన వచ్చిన రోజు మాత్రం వచ్చి కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు.

"దాని ఇంజనుకి ఆయుష్షు ఎప్పుడో తీరిపోయింది బావా. కాగితం మీద పొడిగిస్తూ వచ్చారు. మిగిలినవి షెడ్డులో ఎముకల గూళ్ళలా పడున్నాయి, వాటి సామాను పీకి దీనికి పెడుతున్నాను. ఆపండి మహాప్రభో అన్నాను. ఉన్నదే ఒకటి, అదీ ఆపితే పిల్లలకి ఏం నేర్పుతాం అన్నారు."

"కొత్తవి అడగొచ్చుగా?"

మేస్త్రి తల వంచుకున్నాడు. "అడిగారు. అడక్కపోలేదు. పైనుంచి వచ్చినాయన హాల్లో నిలబడి గోడ చూశాడు. ఇన్ని ఉన్నాయి కదయ్యా, ఇంకా ఎందుకు అన్నాడు. మనవాళ్ళు గుటకలు మింగి ఊరుకున్నారు. ఆ ఫోటోలు పెట్టి గొప్పలు చెప్పుకున్నది వాళ్ళేనాయె."

మేస్త్రి లేచి, "నిన్నంటున్నానని కాదు బావా" అన్నాడు. ఆ మాట అతుకులాయనకి ఇంకా బలంగా గుచ్చుకుంది. అవును, పైవాళ్ళు ఆయన పనితనాన్ని వాడుకున్నారు. కానీ లేని రెక్కల్ని పుట్టించింది ఆయన చేతులు. తొమ్మిదిమంది పిల్లలు ఒకే ముసలి యంత్రంలో వంతులవారీగా ప్రాణాలు పెట్టుకుని కూర్చుంటున్నారన్న సంగతి ఆ గోడ మీద కనపడకుండా చేసింది ఆయన అతుకు.

కొన్నాళ్ళకి కేంద్రం నుంచి కబురు వచ్చింది. జట్టు ఫోటో తయారు కావాలి. శిక్షణ ముగింపు దగ్గరకొచ్చింది. మరో విమానాన్ని హడావుడిగా బాగుచేసి మిగిలినవాళ్ళ చేత పూర్తి చేయించారు.

భార్య అప్పటిదాకా ఏదీ అడగలేదు. ఆరోజు వెనక గది గుమ్మంలో నిలబడింది.

"మన పిల్ల అందులో ఉంటుందిగా?"

ఆయన తెర వైపు తిరిగాడు.

"లోపల ఏమంటారో నాకు తెలీదు. వాళ్ళు వద్దన్నా నువ్వు పెట్టాలి. పెట్టె తెరవనివ్వలేదు. ముఖం చూపించలేదు. చివరిసారి అది ఎగిరింది ఆ ఫోటోలోనే. అదైనా నేను చూడాలి" అంది.

"సరే" అన్నాడు. ఆ ఒక్క మాట అనేశాక కూర్చోక తప్పలేదు.

ఎనిమిది విమానాలనీ కోసి పేర్చాడు. వజ్రానికి కింది మూల ఖాళీగా ఉంది. మూడో పిల్లవాడి విమానాన్ని తీసుకుని అక్కడ అతికించాడు. ఎడమ రెక్కని కొంచెం కిందికి వంచాడు. నీడ దిద్దాడు. ఎవరు చూసినా నమ్మేటట్టుగా కుదిరింది. వేలెడంత అద్దం కింద కూర్చున్న ఆ తల ఎవరో కుర్రవాడిది. దాన్ని తన కూతురని తన భార్యకి చూపించబోతున్నాడు.

తోక మీద అంకె మారుద్దామని దగ్గరకి లాగాడు. ముప్పై ఒకటి. మిగిలిన ఎనిమిదింటి మీదా అదే. తన పిల్లని తీసుకుని నేలకి గుద్దుకున్న యంత్రం తెర మీద తొమ్మిదిసార్లు, రంగు మెరుస్తూ, ఎగురుతోంది.

తొమ్మిదోదాన్ని తీసేశాడు. మూల ఖాళీగా ఉంచాడు. ఎనిమిది తోకల మీదా అంకె చెరపకుండా, పొట్ట కింద మాసిక చెరపకుండా అచ్చు తీసి, చంకలో పెట్టుకుని గేటు దాటి వెళ్ళాడు.

ఫోటోల వ్యవహారం చూసే అధికారి బల్ల మీద పరిచి చూశాడు. మంచి మనిషే, గొంతు పెంచే రకం కాదు.

"ఇదేంటి మాస్టారూ? అన్నిటికీ ఒకే నంబరు ఉంది."

"ఉన్నది ఒకటే కదా సార్."

"అది మనకి తెలుసు. వచ్చేవాళ్ళకి ఎందుకు తెలియాలి?"

"ఇన్నాళ్ళూ తెలియనివ్వకే కదండీ నా పిల్ల అందులో ఎక్కింది."

అధికారి ఫోటోని తన వైపు తిప్పుకున్నాడు. "మీ బాధ నాకు అర్థమవుతుంది."

"బాధ గురించి కాదు సార్. విమానం గురించి చెబుతున్నాను."

"ఈ ఖాళీ ఒకటి. చూసినవాళ్ళు ఇక్కడేమైందని అడగరా?"

"అడగాలనే సార్."

"ఇది ఇక్కడ పెట్టి వెళ్ళండి. విశ్రాంతి తీసుకోండి. మిమ్మల్ని కష్టపెట్టం" అన్నాడు అధికారి. ఎంతో మర్యాదగా తలుపు దాకా వచ్చి సాగనంపాడు. అంత మర్యాదగా సాగనంపారంటే ఆ వ్యవహారం అక్కడితో ముగించేశారన్నమాట.

వేడుక రోజు రమ్మని ఇద్దరికీ పిలుపు వచ్చింది. అతుకులాయన వెళ్ళలేదు. గోడ మీద ఏం వేలాడదీస్తారో, అసలు వేలాడదీస్తారో లేదో చూసే ఓపిక ఆయనకి లేదు. భార్య ఉతికిన చీర కట్టుకుని ఒక్కతే వెళ్ళింది. ఫోటో ఇచ్చేశానని మాత్రమే ఆయన ఆవిడకి చెప్పాడు. అందులో ఏముందో, ఏం లేదో చెప్పలేదు. చెబుదామని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు.

మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. చెప్పులు విప్పకుండానే వెనక గదిలోకి వచ్చేసింది. చాలా రోజుల తర్వాత ఆ ముఖంలో కాస్త కళ కనపడింది.

"పెట్టావు! నువ్వు అన్నమాట నిలబెట్టుకున్నావయ్యా. కింది మూల ఉంది. ఒక్కతే చివర, మిగతావాళ్ళకి కాస్త ఎడంగా. చూడగానే అదేనని తెలిసిపోయింది నాకు. అద్దం మీద చెయ్యి వేసి నిమిరి వచ్చాను. అందరూ పక్కకి తప్పుకుని నాకు దారిచ్చారు."

ఆయనకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఎవరో పట్నం కుర్రాడి చేత అంకెలు మార్పించి ఉంటారు. ఎనిమిదైతే ఆకారం కుదరదు, ఖాళీ మూల ప్రశ్నలు పుట్టిస్తుంది. అందుకని అక్కడొకటి అతికించి ఉంటారు. ఆ పిల్ల గురించి తలుచుకుని చేసిన పని కాదది. గోడకి అందం కోసం చేసింది.

ఊరుకుంటే పోయేది. ఊ అని తలూపితే చాలు, ఆవిడకి బతికినన్నాళ్ళూ వెళ్ళి నిమురుకోవడానికి ఒక చోటు ఉంటుంది. ఎందరో తల్లులకి ఆయన ఆ చోటు చూపించాడు. భార్య ముఖం చూస్తే మాత్రం ఆయనకి తల ఊపబుద్ధి కాలేదు. ఒకసారి మూసిన పెట్టె ఇచ్చి ఆవిడని పంపించేశారు. ఇప్పుడు రెండోసారి తన చేత ఇప్పించబోతున్నారు.

"అది మన పిల్ల కాదే" అన్నాడు.

"అంటే?"

"ఎవరో అతికించారు. నేను ఎనిమిదే ఇచ్చాను. ఆ మూల ఖాళీగా ఇచ్చాను."

ఆవిడ తన అరచేతి వైపు చూసుకుంది. "మరి నేను నిమిరింది ఎవర్ని?"

"ఎవరో కుర్రవాడై ఉంటాడు. రెండుసార్లు వేసుంటారు."

"మన పిల్లది ఏది మరి? నువ్వు తీసింది ఏది? అది చూపించు నాకు."

"తీయలేదు."

"తీయలేదా?"

"అది వస్తుంటే తలెత్తి చూశాను. చూస్తూ ఉండిపోయాను. నొక్కలేదు."

ఆవిడ కేకలు వేస్తుందనుకున్నాడు. వేసినా బాగుండును. గోడకి ఆనుకుంది. "ఊళ్ళో అందరి పిల్లలకీ నొక్కావు" అంది. "మన దానికే నీ వేలు రాలేదా? ఒక్కటి. నాకు ఒక్కటి చాలు. ఎంత మసగ్గా ఉన్నా చాలును." నేల మీద కూలబడి, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయన పక్కన కూర్చుని ఆవిడ వీపు మీద చెయ్యి వేయబోతే విదిలించేసింది. మళ్ళీ వేస్తే మళ్ళీ విదిలించింది. మూడోసారి ఊరుకుంది.

ముందు గదిలో ఎవరో వచ్చి "ఏవండీ, ఫోటో" అని పిలిచి, జవాబు లేక వెళ్ళిపోయారు.

ఎండ గుమ్మంలోంచి జరిగి గోడ మీదికి పోయాక ఆవిడ ముఖం తుడుచుకుంది.

"ఎలా వెళ్ళింది?"

"ముందు చప్పుడు వచ్చింది. తర్వాత చుక్కలా..."

"పొడి పొడిగా చెప్పకు. అంతా చెప్పు."

చెప్పాడు. చుక్క ఎలా పెరిగిందీ, గడ దగ్గర ఎండ రెక్క మీద పడి ఎలా తళుక్కుమందీ, తన చొక్కా ఎలా కొట్టుకుందీ, గడ్డి ఎలా ఒరిగిందీ చెప్పాడు. ఎంత చెప్పినా రెప్పపాటే. మిగిలిన ఎనిమిదిమందివీ ఎన్నాళ్ళైనా చూసుకోవచ్చు. ఇది ఆయన తలలో ఉన్నంతే, అదీ అప్పుడే కొంచెం కొంచెంగా చెదురుతోంది. రెక్క మీది తళుకు గడకి ముందా తర్వాతా అన్నది ఆయనకే అనుమానంగా ఉంది.

"నిన్ను చూసిందా?" అంది ఆవిడ.

హెల్మెట్‌కి నల్లటి అద్దం ఉంటుంది. దాని వెనక కళ్ళు ఎటు చూస్తున్నాయో నేల మీదివాళ్ళకి తెలియదు.

"ఆ గడ్డిలో నువ్వున్నావని దానికి తెలుసుగా. ఒక్కసారైనా కిందికి చూసి ఉండదా?"

"తెలీదే."

"చూసే ఉంటుంది."

"నాకు తెలీదే" అన్నాడు ఆయన, ఇంకేమీ అతకలేక.

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, బొటనవేలిని తన గుప్పిట్లో బిగించి మూసింది.

"మళ్ళీ మొదటినుంచి చెప్పు" అంది.